ఒక్క సీసా నీళ్ళు

"మీ అమ్మగారు బతికే ఉన్నారా?" అని మా పిన్ని అడిగింది. పోయినవారం మిమ్మల్ని సరిగ్గా ఆ ప్రశ్న దగ్గరే నిలబెట్టి వెళ్ళిపోయాను. వారం రోజులూ నన్ను తిట్టుకునే ఉంటారు. ఈ వారమే కొత్తగా చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కల్లో జరిగింది చెబుతాను. పాతవాళ్ళు ఒక్క నిమిషం ఓపిక పట్టాలి.

మా పిన్ని ముప్ఫై ఒక్క ఏళ్ళు నీళ్ళు పరీక్ష చేసే ల్యాబులో పనిచేసి రిటైరైంది. అన్నేళ్ళలో బయట పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టని మనిషి. ఎవరింటికి భోజనానికి పిలిచినా తన డబ్బా తను తెచ్చుకుని, పిలిచినవాళ్ళ ముఖం మాడిపోయేలా ఓ మూల కూర్చుని తినేది. చుట్టాలందరం చాటుగా ఆవిణ్ణి థర్మామీటర్ అంటాం. అలాంటి మనిషి రిటైరైన మర్నాడే నన్ను పిలిచి, "నలభై రోజులు ఊళ్ళు తిరుగుదాం. తిండికి రోజుకి ఇద్దరికీ కలిపి మూడొందలు. హోటల్ గడప తొక్కేది లేదు, అంతా రోడ్డు మీద బళ్ళ దగ్గరే," అంది. ప్రెస్సులో నా ఉద్యోగం ఊడి అప్పటికి రెండు నెలలు. ఎవరు తిండి పెడతానన్నా బ్యాగు సర్దుకునే పరిస్థితి నాది. సరే అన్నాను.

పంతొమ్మిది రోజుల్లో నేను నేర్చుకున్న చదువు కాలేజీలో మూడేళ్ళు కూర్చున్నా రాలేదు. పిన్ని లెక్కలు పిన్నికున్నాయి. జనం ఎక్కువగా ఉన్న బండి కాదు, జనం తొందరగా కదిలే బండి చూడాలట. మంట మీద నుంచి తిన్నగా మన చేతిలోకి వచ్చేదే తినాలట. మధ్యాహ్నం అయితే పన్నెండున్నరకీ రెండింటికీ మధ్యే, ఎందుకంటే ఆ వేళలో ఏ గిన్నెలోనూ ఏదీ నిలవ ఉండదు. ఆపైన, బండి నడిపే మనిషి తను ఏం తింటోందో ఓ కంట కనిపెట్టాలి. తను చేసింది తనే తినని చోట మనకేం పని? మొదటి రెండు రోజులూ ఆవిడ పచ్చడి గిన్నెల్లో థర్మామీటర్ ముంచుతుంటే బండివాళ్ళు మమ్మల్ని కొట్టకుండా వదలడమే ఎక్కువ. నేను ఈవిడెవరో నాకు తెలియదన్నట్టు పక్కకి తిరిగి కరెంటు తీగల మీద కాకుల్ని చూస్తూ నిలబడేదాన్ని. కానీ ఒక్క పూట కూడా మాకు కడుపునొప్పి రాలేదు. మూడొందలు ఎప్పుడూ దాటలేదు. అంత రుచైన తిండి నాకు బుద్ధి తెలిశాక ఎప్పుడూ తినలేదు.

పంతొమ్మిదో రోజు ఒంటిగంటన్నరకి, ఒక బట్టల ఫ్యాక్టరీ గేటు ఎదురుగా ఉన్న గుడ్డు రొట్టెల బండి దగ్గర ఆగాం. ఫ్యాక్టరీ వాళ్ళు ఆవిణ్ణి రొట్టెలక్క అంటున్నారు. అక్కే గాని ఇరవై ఆరేళ్ళు మించవు. ఆ పనితనం చూస్తూ నేను ఆకలి సగం మర్చిపోయాను. ఒక పెనం మీద నాలుగు రొట్టెలు, నాలుగూ నాలుగు దశల్లో. ఒకటి ఉబ్బుతుంటే ఇంకొకదాని పొట్ట చీల్చి గుడ్డు పోస్తుంది, మూడోదాని మీద ఉల్లిపాయ చల్లుతుంది, నాలుగోది కాగితంలోకి వెళ్ళిపోతుంది. ఉల్లిపాయ కూడా ఎప్పటికప్పుడు కోయడమే. డబ్బు ముట్టుకోదు. బండి చివర ఒక రేకు డబ్బా ఉంది, ఎవరికి వాళ్ళు వేసి చిల్లర ఎవరికి వాళ్ళే తీసుకుంటున్నారు. తాగే నీళ్ళు కాచి, మూత పెట్టి, పొడుగు కాడ ఉన్న గరిటెతో పోస్తోంది.

పిన్ని ఆ గరిటె చూసింది, డబ్బా చూసింది. సంచిలోంచి థర్మామీటర్ తీయలేదు. రొట్టె తినడం ఆపేసి, "ఈ పద్ధతి ఎవరు నేర్పారమ్మా?" అంది. "మా అమ్మ," అంది రొట్టెలక్క తల ఎత్తకుండా. అప్పుడు అడిగింది పిన్ని ఆ ప్రశ్న.

ఇక ఈ వారం సంగతి.

రొట్టెలక్క చెయ్యి ఆగలేదు గానీ కళ్ళు పైకి లేచాయి. "బతికే ఉంది. మీరెలా ఎరుగుదురు మా అమ్మని?"

"ఎరగను తల్లీ. ఎప్పుడూ చూళ్ళేదు," అంది పిన్ని. ఆవిడ గొంతు నాకే కొత్తగా వినిపించింది. మా ఇంట్లో అందరినీ గడగడలాడించే గొంతు అది. "మీరు అప్పుడున్న ఊళ్ళో, బడి పక్కన ఉండే బండి మీదే కదూ? పదకొండేళ్ళ కింద సీలు వేశారు. బళ్ళో ఏడుగురు పిల్లలకి వాంతులైతే."

పొట్ట చీల్చిన రొట్టెలో రొట్టెలక్క గుడ్డు కొట్టింది, అట్లకాడతో మూసింది. "మీరు పేపరువాళ్ళా?"

"కాదమ్మా. నీళ్ళ రిపోర్టు మీద సంతకం నాది."

పంతొమ్మిది రోజులు ఒకే గదిలో పడుకుని, ఒకే కాగితంలో తిని, ఒకే సబ్బు అరగదీసుకుని తిరిగిన మనిషి నాతో ఈ మాట ఒక్కసారి కూడా అనలేదు. నేనేమో ఈవిడకి ముసలితనంలో నాలుక లేచిందని మా అమ్మకి ఫోన్లో చెప్పి నవ్వుకున్నాను. తిండి తిరుగుడు కాదన్నమాట ఇది. ఊరూరా, బండి బండికీ ఒక మనిషిని వెతుకుతోందన్నమాట. నా మీద నాకే కోపం వచ్చింది, ఆవిడ మీద ఇంకా ఎక్కువ వచ్చింది.

లైనులో పదిహేనుమంది ఉన్నారు. రొట్టెలక్క ముందున్న మనిషికి కాగితం అందించి, "ఉల్లిపాయ ఎక్కువ కావాలన్నావుగా అన్నా, వేశాను," అంది మామూలుగానే. తర్వాత పిన్ని వైపు తిరిగి, "మీ రిపోర్టు నాకు నోటికొచ్చు. ఈ నీళ్ళు తాగడానికి పనికిరావు. కింద సంతకం. దాన్ని బండికి అంటించి పోయారు. వానకి తడిసి రాలిపోయేదాకా వీధి వీధంతా చదివింది. తిన్నారుగా? ఇక వెళ్ళండి," అంది.

"ఆ రిపోర్టు తప్పు," అంది పిన్ని.

పెనం మీద రొట్టె ఒక్కటి ఆ క్షణంలో మాడింది. అంతసేపట్లో అదొక్కటే. రొట్టెలక్క దాన్ని తీసి పక్కన పెట్టేసింది.

పిన్ని నిలబడే చెప్పింది. చెబుతున్నంతసేపూ రెండు చేతులతోనూ బండి అంచు పట్టుకుంది. "మీ బండి నుంచి ఒక్క సీసా వచ్చింది నా బల్ల మీదకి. ఒకే ఒక్క సీసా. మా సీసాలు ఆవిరి మీద ఉడకబెట్టి, మూతికి కాగితం కట్టి పంపుతాం. దాన్ని ఎవరూ కడగకూడదు, వేలు పెట్టకూడదు, విప్పి నీళ్ళు పట్టి మళ్ళీ కట్టేయాలి. అది వచ్చేసరికి కాగితం లేదు. లోపల నీళ్ళు నిండని చోట కూడా బొట్లు ఉన్నాయి. అంటే ఎవరో కొళాయి కింద తొలిచారు. అలాంటి సీసా వస్తే పారబోసి ఇంకోటి తెప్పించాలి. అది నా పని. కానీ సాయంత్రానికి రిపోర్టు కావాలని మా పైఆయన నెత్తిన కూర్చున్నాడు. పరీక్ష చేశాను. రోగం తెచ్చే పురుగు కనబడింది. సంతకం పెట్టాను."

"అయితే?"

"రెండు వారాలకి ఆ వీధి కొళాయి నీళ్ళు వచ్చాయి నా దగ్గరికి. అందులో అదే పురుగు. వీధిలో పైపు పగిలి మురుగు కలిసింది. పిల్లలు బళ్ళో కొళాయి నీళ్ళే తాగారు. మీ అమ్మగారి బిందెలోవి కాచిన నీళ్ళు. పట్టుకెళ్ళిన మా మనిషి ఫారంలో రాశాడు కూడా. కాచినవి, మూత ఉంది, పొడుగు గరిటె, డబ్బు ముట్టదు అని. అది చదివైనా నాకు అనుమానం రావాలి. రాలేదు. పైపు సంగతి తెలిశాక రిపోర్టు రద్దు చేద్దామని రాశాను. అయిపోయిన గొడవ ఎందుకు కెలుకుతావన్నారు. నేను నోరు మూసుకున్నాను. మూసుకుని, నెల నెలా జీతం తీసుకున్నాను."

రొట్టెలక్క ముఖం ఎర్రబడింది. ఇప్పుడు ఆ అట్లకాడ మా పిన్ని నెత్తిన పడుతుందనే అనుకున్నాను. పడితే అడ్డం వెళ్ళాలా వద్దా అని కూడా, నిజం చెప్పొద్దూ, ఒక క్షణం ఆలోచించాను. కానీ ఆ పిల్ల తర్వాతి రొట్టె పెనం మీద వేసింది.

"మీరు చెప్పాల్సిన మాటలూ నేను తిట్టాల్సిన తిట్లూ చాలా ఉన్నాయి మేడమ్. వీళ్ళకి రెండింటికి గంట కొడతారు. గేటు మూసేస్తారు. నా కోపం కోసం వీళ్ళ కడుపులు ఎందుకు మాడాలి? ఆ గోడ పక్కన కూర్చోండి."

కూర్చున్నాం. పదిహేనుమందికీ రొట్టెలు వెళ్ళాయి. ఏ ఒక్కదానిలోనూ ఉప్పు తక్కువ కాలేదు, గుడ్డు పచ్చిగా మిగల్లేదు. అంత కోపంలో నేనైతే మంచినీళ్ళు కూడా మాడబెట్టేదాన్ని. పిన్ని చూపు ఆ చేతుల మీద నుంచి మరలలేదు. "చూడవే, అట్లకాడ కింద పెట్టినప్పుడల్లా వేడినీళ్ళలోనే పెడుతోంది," అని నా చెవిలో అంది. ఆ సమయంలో కూడా! నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

గంట కొట్టారు. రొట్టెలక్క స్టవ్వు ఆర్పి, పెనం తుడిచి, మా ముందుకొచ్చి నిలబడింది.

"నేను తొమ్మిదో తరగతి అప్పుడు. బండి పోయాక బడి మానేసి బొత్తాలు కుట్టే పనికి వెళ్ళాను. అది నేను మర్చిపోగలను. నలుగురూ వెళ్ళే దారే. మిమ్మల్ని క్షమించనిది దేనికో తెలుసా? మా అమ్మ మీ కాగితం నమ్మింది. వీధిలో సగంమంది నమ్మలేదు, ఆవిడ నమ్మింది. ఏడుగురు పిల్లల్ని తన చెయ్యే పాడుచేసిందనుకుంది. ఆ రోజు నుంచి ఈ రోజు వరకూ పొయ్యి ముట్టలేదు. ఇంటికొచ్చిన మనిషికి గ్లాసుడు నీళ్ళివ్వదు. నా కూతురికి మూడేళ్ళు. ఒక్కసారి కూడా గోరుముద్ద పెట్టలేదు మనవరాలికి."

"మరి నీకీ పని..." అన్నాను నేను, ఆపుకోలేక.

ఆ కోపంలోనూ రొట్టెలక్క ముఖంలో గర్వం తొంగిచూసింది. "నేర్పింది అక్కా. ముట్టుకోకుండా నేర్పింది. నాలుగేళ్ళ కింద నేను బండి పెడతానంటే, బారెడు దూరంలో పీట వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆర్నెల్లు. పిండి ఎంత మెత్తగా ఉండాలంటే నీ చెవి తమ్మె పట్టుకు చూసుకో అనేది. పెనం కాగిందో లేదో చప్పుడు విని చెప్పేది. నేను తప్పు చేస్తే ఆవిడ వేళ్ళు ఒళ్ళో కదిలేవి. ఒక్కసారి కూడా పిండి మీద చెయ్యి వెయ్యలేదు."

పిన్ని లేచి నిలబడింది. "నన్ను ఆవిడ దగ్గరికి తీసుకెళ్ళు."

"తీసుకెళ్తాను. ఇప్పుడు నాకు చెప్పింది చెప్పినట్టు ఆవిడకి చెప్పాలి. ఒక్క అక్షరం తగ్గితే ఊరుకోను."

ఫ్యాక్టరీ వెనక సందులో మేడ మీద గది. రెండు మంచాలు, కిటికీ పక్కన కుట్టు మిషను, గోడకి వరసగా సైజుల వారీగా తగిలించిన చొక్కాలు. గది ఎంత శుభ్రంగా ఉందంటే మా పిన్ని గుమ్మం దగ్గర చెప్పులు విప్పి, వాటిని తిన్నగా సర్ది మరీ లోపలికొచ్చింది. ఆవిడ సర్దుకోవడం నేను చూడ్డం అదే మొదలు. కిటికీ దగ్గర పెద్దావిడ కాజాలు కుడుతోంది. సన్నటి మనిషి, చేతులు మాత్రం పెద్దవి.

"అమ్మా, వీళ్ళు నీకోసం వచ్చారు," అంది కూతురు. "ఆ నీళ్ళ రిపోర్టు రాసిన మేడమ్."

పెద్దావిడ సూది చొక్కాకి గుచ్చి, లేచి నిలబడింది. భయపడుతుందో తిడుతుందో అనుకున్నాను. ఆవిడ అడిగింది ఒక్కటే. "ఆ పిల్లలు ఎలా ఉన్నారమ్మా?"

పిన్ని ఒక అడుగు ముందుకేసింది. "బాగున్నారమ్మా. ఏడుగురూ బాగున్నారు. ఏటేటా కనుక్కుంటూనే ఉన్నాను. అందరిలోకీ చిన్న పిల్ల ఇప్పుడు నర్సు కోర్సు చదువుతోంది."

పెద్దావిడ కళ్ళు మూసుకుంది. పదకొండేళ్ళుగా బిగబట్టిన ఊపిరి వదిలినట్టనిపించింది నాకు. అక్కడితో వెళ్ళిపోయినా మేం వచ్చిన పని సగం అయినట్టే. కానీ పిన్ని మంచం మీద కూర్చోమన్నా కూర్చోలేదు. నిలబడే మొత్తం చెప్పింది. పగిలిన పైపు, బళ్ళో కొళాయి, కాచిన బిందె నీళ్ళు, కాగితం లేని సీసా, లోపలి బొట్లు, పెట్టకూడని సంతకం. కింద బండి దగ్గర చెప్పింది చెప్పినట్టు. కూతురు తలుపుకి ఆనుకుని ఒక్కో మాటా సరిచూసుకుంటోంది.

"మీ చేతిలో ఏ దోషమూ లేదమ్మా," అంది పిన్ని. "సీసా కడిగినవాడిదీ, చూసి కూడా పారబోయని నాదీ తప్పు. మావాళ్ళకి ఎన్నిసార్లు చెప్పినా అంతే, నిర్లక్ష్యం."

పెద్దావిడ వింటున్నదల్లా ఉన్నట్టుండి నేల వైపు చూసింది.

"మీవాళ్ళు కాదమ్మా," అంది. "ఆ అబ్బాయి సీసా బండి మీద పెట్టి ఎవరితోనో మాట్లాడుతున్నాడు. జీపులో వచ్చింది కదా, పైనంతా దుమ్ము పట్టి ఉంది. పెద్ద ఆఫీసుకి పోయేది, మన బండి నుంచి మురికిగా పోతే ఏం బాగుంటుంది అనుకున్నాను. కాగితం విప్పి, లోపలా బయటా వీధి కొళాయి కింద మూడుసార్లు తొలిచాను. తర్వాతే బిందెలో నీళ్ళు పోసి ఇచ్చాను."

ఎంగిలి చెయ్యి గిన్నెకి తగలనివ్వని మనిషి, డబ్బు ముట్టిన వేలితో పిండి ముట్టని మనిషి. ఆ శుభ్రమే ఆవిడ బండికి సీలు వేయించింది. ఆవిడంత శుద్ధి లేని ఏ బండివాడైనా ఆ సీసాని దుమ్ముతోనే ఇచ్చి ఉండేవాడు, ఆ బండి ఈ రోజుకీ బడి పక్కన ఉండేది.

పెద్దావిడ తన చేతుల్ని తిప్పి చూసుకుంది. తర్వాత కూతురి వైపు చూసింది. "అయితే పిల్లలకి చేసింది నేను కాదు. నీకు చేసింది నేనే. నీ చదువు, బండి, అన్నీ. మళ్ళీ నా చెయ్యే కదే."

నేను పిన్ని వైపు చూశాను. ఒక చెయ్యి బరువు దించుదామని పంతొమ్మిది రోజులు రోడ్లు పట్టి తిరిగిన మనిషి, అదే చేతి మీద ఇంకో బరువు పెట్టి నిలబడింది. ఆవిడ ముఖం పాలిపోయింది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో అంకె ఒక్కటి మార్చమని ఎంత పెద్దవాళ్ళు అడిగినా మార్చనిది మా పిన్ని. ఇంట్లో చిన్నపిల్లల్ని బుజ్జగించడానికి కూడా అబద్ధం ఆడదని మా అమ్మ విసుక్కునేది.

"ఆ సీసా కాదమ్మా," అంది పిన్ని.

పెద్దావిడ తలెత్తింది.

"మీరు కడిగిన సీసా కాదు. అది మేం పక్కన పడేశాం. పరీక్ష చేసింది రెండోది. మావాడు తర్వాత పట్టాడు, వాడే కడిగాడు. మా దగ్గర ఎప్పుడూ రెండు సీసాలు పట్టడం రూలు." గొంతు వణకలేదు. కళ్ళు పక్కకి పోలేదు. చెయ్యి మాత్రం వెనక నా చున్నీ కొంగు వెతికి పట్టుకుంది. ఆవిడ మీద అంతవరకూ ఉన్న కోపమంతా నాకు ఆ క్షణంలో పోయింది.

పెద్దావిడ అమాయకురాలు కాదు. పెనం చప్పుడు విని వేడి చెప్పే మనిషి. పిన్ని ముఖాన్ని కాసేపు అలాగే చూసింది. ఆ తర్వాత నెమ్మదిగా తలుపు వైపు తిరిగింది.

అక్కడ కూతురు ఉంది. ఒక్క అక్షరం తగ్గినా ఊరుకోనన్న కూతురు. ఒక్క సీసా, ఒకే ఒక్క సీసా అని గంట కింద తన చెవులతో విన్న కూతురు.

"ఏమే," అంది తల్లి. "బండి దగ్గర నీకు కూడా చెప్పే ఉంటారుగా మేడమ్‌గారు. ఎన్ని సీసాలన్నారు?"